పార్కింగ్ ఇంజనీరు లంగరు

ఖాళీ బస్సు ఎక్కి, నలభై సీట్లు ఎదురుగా నోళ్ళు తెరుచుకుని ఉండగా, కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్న ఒకే ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళి, "కాస్త జరుగుతారా?" అని అడిగే జాతి మనది. అందులో తప్పేం లేదు. ఆ మనిషి అక్కడ కూర్చున్నాడంటే ఏదో చూసుకునే కూర్చుని ఉంటాడు, ఎండ పడని వైపో, కుదుపు తగలని వైపో. తెలిసినవాడి పక్కన చేరితే సగం తెలివి మనకీ అంటుకున్నట్టే. ఆదిశేషు ఈ సూత్రాన్ని నీళ్ళ మీదికి తీసుకెళ్ళాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఆదిశేషుది బాపట్ల. పేరేమో పాలసముద్రంలో పెరుమాళ్ళకి పడకైనవాడిది, మనిషేమో సూర్యలంక ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని, కెరటం వస్తుంటే నాలుగడుగులు వెనక్కి వేసే రకం. ఎమ్మెస్‌కని అమెరికా వచ్చి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, షామ్‌బర్గ్‌లో ఓ కన్సల్టింగ్ కంపెనీలో చేరి, ముప్పై నాలుగేళ్ళ పాటు ఒకటే పని చేశాడు. పార్కింగ్ లాట్లు గీశాడు. మాల్స్‌కీ, ఆస్పత్రులకీ, చర్చిలకీ, రెండు మూడు గుళ్ళకీ. ఒక్కో కారుకి తొమ్మిదడుగుల వెడల్పు, గీతకీ గీతకీ వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఎవడైనా రెండు గీతల మీద అడ్డంగా కారు పెట్టి పోయాడంటే ఆ పూట ఆయనకి అన్నం సయించేది కాదు.

ఆయన భార్య ఆండాళ్ ఆడియాలజిస్టు, మనవాళ్ళ భాషలో చెవుల డాక్టరమ్మ. ఇరవై ఎనిమిదేళ్ళు జనాన్ని చప్పుడు చొరని గాజు బూత్‌లో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి బీప్‌లు వినిపించి, వినబడితే బటన్ నొక్కమనేది. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర పేషెంట్ల కబుర్లు చెప్పేది, పేర్లు చెప్పకుండా.

"ఇవాళా ఒక మహానుభావుడొచ్చాడండీ. చెవుడు లేదని రుజువు చేసుకోవాలని బీప్ రాకముందే టకటకా నొక్కేస్తున్నాడు. ఈ మొగుళ్ళంతా ఇంతే!"

ఆదిశేషు కూడా పెద్దగా నవ్వేవాడు. ఆ నవ్వు రెండేళ్ళ కిందట కాస్త సన్నబడింది. ఎందుకో తర్వాత చెప్తాను.

పడవ సంగతికొస్తే, అది నోరు జారి కొన్న పడవ. ఆయన రిటైర్‌మెంట్ పార్టీలో శశికాంత్ అనే స్నేహితుడు తను కొన్న ఆర్‌వీ గురించి నలభై నిమిషాలు వర్ణించాడు. ఇల్లంత బండి, అందులో షవర్, కాలిఫోర్నియా దాకా టూరు. చేతిలో గారె పట్టుకుని వింటున్న ఆదిశేషుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మేమైతే సెయిల్‌బోట్‌లో ఫ్లోరిడా వెళ్తున్నాం" అనేశాడు. ముందురోజు ఫోన్‌లో ఓ వీడియో చూశాడు, అంతకు మించి ఆ మాటకు పునాది లేదు.

హాల్ అవతలి మూల నుంచి ఆండాళ్ ఇటు తిరిగింది. "నిజంగానా అండీ?"

ఆ కళ్ళలో ఆ వెలుగు ఆదిశేషు అంతకు ముందు రెండేసార్లు చూశాడు. కూతురు నిధి పుట్టినప్పుడు ఒకసారి, ఆర్నెల్లు ఉండిపోయిన ఆయన పెద్దక్కయ్య ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ లైన్ దాటి కనుమరుగైనప్పుడు ఒకసారి. అలాంటి వెలుగును ఆర్పడానికి మనసొప్పలేదు. "నిజమే" అన్నాడు. కొరివితో తల గోక్కోవడం అలా మొదలైంది.

మిషిగన్ లేక్ మీద ఇద్దరూ రెండు వేసవులు క్లాసులకి వెళ్ళారు. ఆండాళ్‌కి మంచి మార్కులొచ్చాయి. ఆదిశేషుకు సర్టిఫికెట్ వచ్చింది. వర్జీనియాలో ముప్పై రెండడుగుల పాత పడవ దొరికింది. అమ్మినాయన అకౌంటెంట్, దానికి 'టాక్స్ రిఫండ్' అని పేరు పెట్టుకున్నాడు. పడవ పేరు మారిస్తే అరిష్టమని నావికుల నమ్మకం. ఆదిశేషుకు నమ్మకాలు తక్కువే గానీ నీళ్ళ మీద ఏ నమ్మకాన్నీ కాదనే ధైర్యం లేదు. అందుకని దారిలో తెరుచుకునే వంతెన వచ్చినప్పుడల్లా రేడియో పట్టుకుని, "దిస్ ఈజ్ టాక్స్ రిఫండ్, వంతెన ఎత్తగలరా?" అని అడిగేవాడు. పైన కూర్చున్నతను ప్రతిసారీ, "రా నాయనా, నీ కోసమే ఏడాదంతా చూస్తున్నాను" అనేవాడు. ప్రతి వంతెన దగ్గరా అదే జోకు. ఆదిశేషు ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు. మర్యాద అలాంటిది.

పడవ కొన్న రోజే ఆండాళ్ తన కోరిక చెప్పింది. "నాకు ఫ్లోరిడా అక్కర్లేదు, డాల్ఫిన్లూ అక్కర్లేదండీ. ఇరవై ఎనిమిదేళ్ళు ఊరందరినీ చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి నేను బయట కూర్చున్నాను. ఒక్క సాయంత్రం, ఒకే ఒక్కటి, మనిషి మాట, మోటారు మోత లేని చోట కూర్చోవాలి. అలాంటి చోట లంగరు వేయండి, చాలు."

ఇంత చిన్న కోరిక కోరిన భార్య ఎవరికుంటుంది? ఆదిశేషుకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

అక్టోబరు ఆఖర్లో బయల్దేరారు. తూర్పు తీరం పొడుగునా సముద్రానికి కాస్త లోపలగా, నదుల్నీ కాలువల్నీ కలుపుతూ ఒక నీటిదారి ఉంది. చలికి భయపడే పడవలన్నీ కొంగల్లా ఆ దారినే దక్షిణానికి పోతాయి. సెయిల్‌బోట్ అన్నమాటే గానీ కాలువల్లో ఇంజనే దిక్కు. నాలుగో రోజు సాయంత్రం నార్త్ కరోలినాలో ఒక నది. రెండు మైళ్ళ వెడల్పు. ఒడ్డున ఒక్క ఇల్లు లేదు, దీపం లేదు. అంత నీళ్ళలోనూ ఒకే ఒక్క పడవ, ఎర్రది, ఒక మూల లంగరు వేసుకుని ఉంది.

ఆదిశేషు చుక్కాని తిప్పి నేరుగా దాని పక్కకి తీసుకెళ్ళాడు. ముక్కుకి ముక్కు సమానంగా, అంచుకి అంచు సమాంతరంగా. చేతిలో గీసే కర్ర లేదనే గానీ అచ్చం పార్కింగ్ లాటే.

పడవ ముందు కొసన లంగరు పట్టుకుని నిలబడ్డ ఆండాళ్ వెనక్కి తిరిగింది. "ఏవండీ, ఇంత దగ్గరగానా?"

"దగ్గరేవిటే! ముప్పై అడుగులుంది. ఫైర్ ట్రక్కు తిరుగుతుంది."

"ఫైర్ ట్రక్కు ఇక్కడికెందుకొస్తుంది?"

"పార్కింగ్ కోడ్ ప్రకారం చెప్తున్నాను. దించు."

ఎర్ర పడవలోంచి ఒక పెద్దావిడ, పక్కన ఒక నల్ల కుక్క, లేచి ఇటు చూశారు. పది నిమిషాలు చూశారు. తర్వాత ఆవిడ తన లంగరు ఎత్తుకుని, అరమైలు అవతలికి వెళ్ళి మళ్ళీ వేసుకుంది.

"చూశావా, మనకి జాగా ఇచ్చింది పాపం" అన్నాడు ఆదిశేషు. "ఎంత మర్యాదస్తురాలో!"

ఇక్కడ లంగరు గురించి ఒక్క ముక్క. లంగరు వేసిన పడవ కారులా పెట్టినచోట ఉండదు. గుంజకి కట్టిన ఆవులా, తాడు పొడుగునా చుట్టూ తిరుగుతుంది. గాలి మారితే ఒక వైపు, పోటు మారితే ఇంకో వైపు. రెండు ఆవుల్ని పక్కపక్క గుంజలకి పొడుగాటి పలుపులతో కట్టేస్తే ఏమవుతుందో బాపట్ల వాడికి వేరే చెప్పాలా? కానీ బాపట్ల బుద్ధి బాపట్లలోనే ఉండిపోయింది. పడవలో ఉన్నది షామ్‌బర్గ్ బుద్ధి.

దక్షిణానికి పోయే పడవలన్నీ దాదాపు ఒకే వేగం. అందుకని మర్నాటి సాయంత్రం కూడా ఎర్ర పడవ కనబడింది. "మనావిడే!" అని ఆదిశేషు చుట్టపుచూపుకి వెళ్ళినట్టు వెళ్ళి పక్కన చేరాడు. అప్పటికే చీకటి పడుతోంది, పెద్దావిడ కదల్లేకపోయింది. తెల్లారేసరికి గాలి మారింది. 'ఠక్' మని ఏదో తగిలితే ఆదిశేషు ఉలిక్కిపడి పైకొచ్చాడు. చూస్తే తన పడవ వెనక భాగం వెళ్ళి ఎర్ర పడవ నడుము మీద వాలి ఉంది. పెద్దావిడ నైట్‌గౌన్‌లో, రబ్బరు బూట్లలో, రెండు పడవల మధ్యా ఒక రబ్బరు బుడగ అడ్డం పెట్టి, ఒంటి చేత్తో తోస్తోంది. కుక్క నోరెత్తకుండా చూస్తోంది.

అలాంటప్పుడు మనిషి ఏమనాలి? ఆదిశేషు, "గుడ్ మార్నింగ్! కాఫీ తాగుతారా?" అన్నాడు.

"నో, థాంక్యూ" అంది ఆవిడ. ఆ థాంక్యూలో మంచు గడ్డకట్టి ఉంది. ఆదిశేషు దాన్ని చలి ఖాతాలో వేశాడు.

ఇలా ఇంకో నాలుగు సాయంత్రాలు. రోజూ ఆయన ఫోటో తీసి షామ్‌బర్గ్ వాట్సాప్ గ్రూప్‌లో 'ఏకాంతం! ప్రశాంతం!' అని పెట్టేవాడు. శశికాంత్ కుళ్ళుకుంటున్నాడని ఖాయం చేసుకున్నాక గానీ నిద్రపోయేవాడు కాదు. ఆరో ఫోటో కింద శ్యామ్‌సుందర్ అనే ఇంకో మిత్రుడు అడిగాడు. 'అన్నీ బాగున్నాయి గానీ గురూ, ప్రతి ఫోటోలోనూ ఆ ఎర్ర పడవేంటి? రెండోది కూడా కొన్నావా?'

ఆదిశేషు ఫోన్ బోర్లించాడు.

ఇప్పుడు ఆ తర్వాత చెప్తానన్న సంగతి. ఆదిశేషు పడవల పక్కన చేరడానికి పార్కింగ్ అలవాటు సగం కారణం. మిగతా సగం ఎవరికీ తెలీదు.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి గరాజ్‌లోని ఫ్రీజరు కీచుమని మోగుతున్నట్టు అనిపించింది. సన్నటి మోత, ఆగదు. మర్నాడు మెకానిక్‌ని పిలిచాడు. ఏం లేదన్నాడతను. ఆదిశేషు నమ్మక కొత్త ఫ్రీజరు తెప్పించాడు. అదీ అదే శృతిలో మోగింది. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలోని వైర్లన్నీ చూశాడు. చివరికి ఏకాదశి రోజు గుడికి వెళ్ళి, జనం పలచబడ్డాక, పెరుమాళ్ళ ఎదుట కళ్ళు మూసుకున్నాడు. కీచుమంటూ అదే మోత.

ఫ్రీజరు గుడికి రాదు కదా. మోత చెవుల్లో ఉందని అప్పుడర్థమైంది.

డెంటిస్టు మొగుడు పన్ను నొప్పి దాచుకున్నట్టు, ఆడియాలజిస్టు మొగుడు చెవి మోత దాచుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు. నలుగురూ మాట్లాడుతుంటే, టీవీ నడుస్తుంటే, ఏదో ఒక ఇంజన్ మోగుతుంటే ఆ కీచు వెనక్కి తగ్గేది. నిశ్శబ్దంగా ఉంటే ముందుకొచ్చి కూర్చునేది. అందుకే ఇంట్లో రేడియో కట్టేసేవాడు కాదు. అందుకే నీళ్ళ మీద, ఎవరి రేడియో అయినా, ఎవరి జనరేటర్ అయినా, చివరికి ఎవరి దగ్గో తుమ్మో అయినా వినబడేంత దూరంలో లంగరు వేసేవాడు. ఎర్ర పడవ పెద్దావిడది మరీ చప్పుడు లేని కాపురం. అయినా మనిషంటూ ఉంటే ఏ గిన్నో కింద పడకపోతుందా అని ఆశ.

భార్య కోరింది ఒక్క నిశ్శబ్దమైన సాయంత్రం. మొగుడు భరించలేనిదీ అదే. పైకి చెబితే ఆవిడ గాజు బూత్‌లో కూర్చోబెడుతుంది. చెప్పకపోతే ఆ సాయంత్రం ఎప్పటికీ రాదు.

సౌత్ కరోలినాలో దారి ఒక నల్లటి నదిలోకి తిరిగింది. రెండు వైపులా మోకాళ్ళ లోతు నీళ్ళలో చెట్లు, కొమ్మల నుంచి బూజులా వేలాడే నాచు. ఎర్ర పడవ తెరచాప కొయ్య ఒక చీలిక వాగులోకి వెళ్ళడం చూసి ఆదిశేషు వెంటపడ్డాడు. లంగరు ఇంకా అడుగు తాకిందో లేదో, పెద్దావిడ చిన్న తెప్పలో కుక్కని ఎక్కించుకుని, తెడ్డు వేసుకుంటూ నేరుగా వచ్చింది.

"కాఫీ?" అన్నాడు ఆదిశేషు.

"ఇవాళ తీసుకుంటాను" అందావిడ.

పేరు లోయిస్. ఉత్తరాన మెయిన్ అనే రాష్ట్రం. డెబ్భై రెండేళ్ళు. ఆండాళ్ స్టీలు గ్లాసులో ఫిల్టర్ కాఫీ, పళ్ళెంలో జంతికలు తెచ్చింది. లోయిస్ రెండు జంతికలు తిని, మూడోది చేతిలో పట్టుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మీరిద్దరూ మంచివాళ్ళు. అందుకే వారం నుంచి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. నేను మీ నుంచి పారిపోతున్నాను."

ఆదిశేషు నోట్లో జంతిక విరగడం మానేసింది. "మేం... మీరు మాకు జాగా ఇస్తున్నారనుకున్నాం."

"ఇస్తూనే ఉన్నాను. మైళ్ళకి మైళ్ళు."

"పెరుమాళ్ళా!" అంది ఆండాళ్, తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులో క్షమాపణలు మొదలుపెట్టి ఆపలేకపోయింది.

"పర్లేదమ్మా" అంది లోయిస్. "ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపాను. నలభై మంది పిల్లలు, రోజుకి రెండు ట్రిప్పులు. ఇప్పుడు నాకు కుక్క మొరిగినా ఎక్కువే. వెతికి వెతికి మొరగని కుక్కని తెచ్చుకున్నాను."

"నాకు కావలసిందీ అదేనండీ" అంది ఆండాళ్. "కుక్క కాదు, నిశ్శబ్దం."

లోయిస్ ఆండాళ్‌ని చూసింది. తర్వాత ఆదిశేషుని చూసింది. చాలాసేపు చూసింది. "మరి?" అంది.

ఆ 'మరి'కి ఆదిశేషు ఇంకో గ్లాసు కాఫీ పోశాడు.

వెళ్ళేముందు లోయిస్ పేపర్ టవల్ మీద పెన్నుతో ఒక బొమ్మ గీసి ఆండాళ్ చేతిలో పెట్టింది. జార్జియాలో, సముద్రపు గడ్డి మైదానాల మధ్య మెలికలు తిరిగే ఒక పాయ. "అక్కడికి ఎవరూ రారు. నేనూ రాను, ఒట్టు. చీకటి పడే వేళ పడవ అడుగుకి చెవి ఆనించి వినండి. చిటికెలు వేసే చిన్న రొయ్యలుంటాయి."

ఆవిడ తెప్ప మలుపు తిరగ్గానే ఆండాళ్ లేచింది. "లంగరెత్తండి."

"ఇప్పుడా? చీకటి పడుతుందే!"

"ఆవిడని బతకనివ్వండి. ఎత్తండి."

మరో మలుపు దగ్గర ఆపారు. అక్కడ రెండు పెద్ద మోటారు పడవలు జనరేటర్లు నడుపుకుంటూ ఉన్నాయి. ఆదిశేషు చేతులు వాటంతటవే వాటి మధ్యకి తిప్పాయి. ఆండాళ్ భోజనం వడ్డించింది. పెరుగన్నం దగ్గర నోరు విప్పింది.

"సరే, ఒకటి చెప్పండి. ఎందుకు?"

"లంగరు జారిందనుకో, పక్కన మనిషుంటే సాయం..."

"మన లంగరు జారకుండానే ఆవిడ మీద పడ్డాం. ఆవిడకెవరు సాయం?"

ఆదిశేషు పెరుగన్నం కలుపుతూ ఉండిపోయాడు.

"చూడండి. ఈ జార్జియా పాయలో ఒక్క సాయంత్రం. ఆ తర్వాత మీరు ఏ మాల్ ముందు ఆపుకున్నా నేను నోరెత్తను. అక్కడా ఇలాగే చేశారంటే, ముందొచ్చే ఊళ్ళో దిగి ఫ్లైట్ ఎక్కి చాండ్లర్‌లో నిధి దగ్గరికి వెళ్ళిపోతాను. ఆ ఊరు ఎడారి కదా. అక్కడైనా చప్పుడుండదేమో."

"దాని ఇంటి పక్కనే కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ ఉంది కదే."

"అది దాని పని లోపల చేసుకుంటుందండీ. ఎవరి పక్కకీ రాదు."

ఆవిడ కోపంగా అనుంటే ఆదిశేషు కూడా కోప్పడి గట్టెక్కేవాడు. నవ్వుతూ అంది. కళ్ళలో మాత్రం పార్టీ నాటి వెలుగు లేదు. అది చూసి ఆయనకి ఆ రాత్రి జనరేటర్ల మోత కూడా జోల పాడలేదు.

ఎనిమిది రోజుల తర్వాత, నవంబరు మధ్యలో, జార్జియాలోని ఆ పాయలోకి తిరిగారు. నాలుగు రోజులుగా చలిగాలి. ఎటు చూసినా నడుమెత్తు గడ్డి, కోతకొచ్చిన వరిచేను రంగులో. ఇల్లు లేదు, పడవ లేదు, దూరంగా వెళ్ళే కారు కూడా లేదు. పక్కన చేరడానికి ఎవరూ లేకపోయేసరికి ఆదిశేషుకు ఎక్కడ ఆపాలో తోచలేదు. మూడు చుట్లు తిరిగాడు.

"ఎక్కడైనా ఒకటేనండీ" అంది ఆండాళ్ ముందు నుంచి.

"అదే కదా కష్టం" అన్నాడు ఆదిశేషు.

చివరికి పాయ నట్టనడుమ ఆపి, గొలుసు బాగా వదిలి, ఇంజన్ కట్టేశాడు. మోత ఆగిన మరుక్షణం చెవుల్లో కీచు లేచి నిలబడింది.

ఆండాళ్ శాలువా కప్పుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని, ముందు కొసన కూర్చుంది. పొద్దు వాలుతోంది. ఆదిశేషు కింద వంటగదిలోకి దిగి నీళ్ళ పంపు తిప్పాడు. గిన్నెలు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు. ఆపై రేడియోలో వాతావరణం పెట్టాడు. ఒక మరమనిషి గొంతు అలల ఎత్తు చదవడం మొదలెట్టింది.

"ఏవండీ, ఆ రేడియో..."

కట్టేశాడు. చారుకి పోపు పెట్టాడు. చిటపటమన్నంతసేపు ప్రాణం హాయిగా ఉంది. ఆవాలు ఎంతసేపని పేలతాయి? ఇంకోసారి పోపు పెట్టాడు.

"ఎన్ని పోపులండీ? ఊరందరికీ వడ్డిస్తున్నారా? ఇలా వచ్చి కూర్చోండి."

వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నీళ్ళు రాగి పళ్ళెంలా ఉన్నాయి. ఆండాళ్ కళ్ళు మూసుకుని ఉంది. మొహం చూస్తే పెళ్ళైన కొత్తలో సినిమాకి తీసుకెళ్ళినప్పుడు, లైట్లు ఆరిన క్షణంలో ఉండే మొహం. ఆదిశేషు ఓర్చుకున్నాడు. అర నిమిషం, నిమిషం. మాట్లాడకపోతే పుర్రె పగిలేలా ఉంది. ఏదో ఒకటి మామూలుగా అందామనుకుని అన్నాడు.

"బాగుంది. ఈ కీచురాళ్ళ గోల ఒక్కటీ లేకపోతే ఇంకా బాగుండేది."

ఆండాళ్ కళ్ళు తెరిచింది. తల తిప్పి గడ్డి వైపు చూసింది. మెడలోని శాలువా సర్దుకుంది.

"ఈ చలికి కీచురాళ్ళు ఎప్పుడో నోరు మూసుకున్నాయండీ."

ఆదిశేషు ఇంకో పోపు పెట్టడానికి లేవబోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆండాళ్. అది భార్య గొంతు కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు బూత్ బయట కూర్చున్న డాక్టరమ్మ గొంతు.

"రెండేళ్ళు."

"రెండేళ్ళా!"

"ఫ్రీజరు కొన్నప్పటి నుంచి."

"దానికీ ఫ్రీజరుకీ ఏం సంబంధం?"

చెప్పక తప్పలేదు. పాత ఫ్రీజరు, మెకానిక్కు, కొత్త ఫ్రీజరు, ఎలక్ట్రీషియను, ఏకాదశి. గుడి దగ్గరికొచ్చేసరికి ఆండాళ్ నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఆ పాయ పుట్టాక అంత పెద్ద నవ్వు విని ఉండదు. కోరి కోరి వెతుక్కున్న నిశ్శబ్దంలో మొదటి పెద్ద చప్పుడు ఆవిడే చేసింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఊళ్ళో మొగుళ్ళందర్నీ పట్టుకున్నాను. నా మొగుడు గరాజ్‌లో దాక్కున్నాడు. ఎందుకు చెప్పలేదు?"

"బూత్‌లో కూర్చోబెడతావని."

"కూర్చోబెడితే?"

ఆదిశేషు నీళ్ళ వైపు చూశాడు. "గాజు అవతల నీ మొహం కనబడుతుంది కదా. రిజల్ట్ చూసి అది మారుతుందేమోనని."

ఆండాళ్ ఆయన చెయ్యి తీసి శాలువా లోపల పెట్టుకుంది.

"నా మొహం మారదండీ. ప్రాక్టీసు."

ఆ చెయ్యి వదలకుండానే అంది. "ఊరు వెళ్ళగానే సరిగ్గా టెస్ట్ చేయిస్తాను. ఆ మోత చాలామందికి పూర్తిగా పోదు. పక్కన ఇంకో చిన్న చప్పుడు పెడితే ఊరుకుంటుంది, మనసు దాన్ని మర్చిపోతుంది."

"నేను చేస్తున్నదీ అదేగా!"

"మీరు జనరేటర్లు పెట్టారు. పాపం లోయిస్‌ని పెట్టారు. చిన్న చప్పుడన్నాను." లేచింది. "రండి కిందికి."

పడవ లోపల, పడుకునే బల్ల పక్కన, అడుగు గోడకి ఆయన్ని చెవి ఆనించమంది. ఆదిశేషు ఆనించాడు. మొదట చల్లదనం తప్ప ఏమీ తెలీలేదు. తర్వాత లోపల్నుంచి, నీళ్ళ కిందనుంచి, చిట్... చిట్ చిట్... చిటపట. ఎవరో మూకుడు మీద మూత పెట్టి ఆవాలు వేయించినట్టు. ఆగని పోపు.

"రొయ్యలు" అంది ఆండాళ్.

ఏడు తరాలుగా రొయ్య పేరెత్తితే స్నానం చేసిన వంశం. ఆదిశేషు చెవిని గోడకి ఇంకాస్త నొక్కాడు. కీచు పోలేదు. కానీ ఆ చిటపటల పక్కన, బస్సులో కాస్త జరిగి చోటిచ్చిన మనిషిలా, ఓ మూలకి ఒదిగి కూర్చుంది.

"వినబడుతోందా?"

"ఊఁ."

"అయితే కదలకండి. నేను పైన ఉంటాను. నా సాయంత్రం ఇంకా అరగంట ఉంది."

మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆదిశేషు గోడకి చెవి అంటించుకుని అలాగే పడుకున్నాడు. అరగంటలో పైనుంచి ఒక్క అడుగు చప్పుడు రాలేదు, కింద నుంచి ఒక్క గిన్నె చప్పుడు వెళ్ళలేదు. వాళ్ళ ముప్పై రెండేళ్ళ కాపురంలో అదొక రికార్డు.

పొద్దున్నే కాఫీ అయ్యాక ఆండాళ్ స్టీలు గ్లాసూ చెంచా పట్టుకుని ముందు కొసకి వెళ్ళింది.

"అసలు టెస్ట్ తర్వాత. ఇది ఊరికే, నా తృప్తికి. మీరు అటు తిరిగి కూర్చోండి. చెంచాతో గ్లాసు మీద కొడతాను. వినబడితే వేలెత్తండి."

ఆదిశేషు చుక్కాని దగ్గర వీపు తిప్పి కూర్చున్నాడు. టింగ్. వేలెత్తాడు. కాస్త సన్నగా, టింగ్. ఎత్తాడు. ఆపైన ఏమీ వినబడలేదు. చాలాసేపు వినబడలేదు. ఎప్పుడో కొట్టే ఉంటుంది, తనే అందుకోలేకపోయాడు. వెనక ఆవిడ మొహం ఎలా మారిపోతోందో! పరువు దక్కించుకోవాలి. ధీమాగా, నిటారుగా, చూపుడు వేలు ఎత్తాడు.

"నేనింకా కొట్టలేదండీ" అంది ఆండాళ్.

ఎత్తిన వేలు దించడానికి మనసొప్పలేదు. ఆదిశేషు దాన్ని మెల్లిగా పక్కకి తిప్పి, గడ్డి అవతలికి చూపించాడు.

"కాదే, ఆ కొంగని చూపిస్తున్నాను."

ఆండాళ్ అటు చూసింది. అక్కడ కొంగ లేదు.